పెద్దవాళ్ల ఆటవిడుపు



ఈ వేళకు మీలో చాలామంది వంటింటి గట్టు మీద రేడియో పెట్టుకునో, ఫోనులో పెట్టుకునో పనిలో పనిగా వింటూ ఉంటారు. ఇంట్లో పదమూడు నుంచి పందొమ్మిదేళ్ల లోపు పిల్ల గానీ పిల్లాడు గానీ ఉంటే, ఆ గది తలుపు ఇప్పుడు దగ్గరగా వేసే ఉంటుంది. లోపల చదువుతున్నారా, ఫోను చూస్తున్నారా అని మీ చెవి ఒకటి అటే ఉండి ఉంటుంది. రెండో చెవి నాకివ్వండి, చాలు. పిల్లల్ని ఎలా పెంచాలో చెప్పడానికి నేను రాలేదు. అది చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు, అందులో సగం మందికి పిల్లలు లేరు. తలుపుకి ఇవతల కూర్చున్న మీ గురించి మాట్లాడదామని వచ్చాను.

మాది బందరు. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఇంట్లో ఇంటర్ రెండో సంవత్సరం అబ్బాయి, తొమ్మిదో తరగతి అమ్మాయి. అంటే ఈ విషయంలో నేనూ మీ బెంచీలోనే కూర్చున్నాను.

మన వైపు ఈ వయసు పిల్లలున్న ఇంట్లో దిగులు టెన్త్ రిజల్ట్సుతో మొదలవుతుంది. ఎంపీసీనా బైపీసీనా? ఇంటి దగ్గరుంచి చదివించాలా, హాస్టల్లో వెయ్యాలా? ఫీజు రెండో వాయిదా సంక్రాంతికి కడతామంటే ఊరుకుంటారా? అది తేలేలోగా బండి గొడవ. పదహారేళ్లవాడు నాన్న బండి తీసుకుని, వెనక ఇద్దర్నెక్కించుకుని పామర్రు రోడ్డెక్కాడని ఎవరో చూసి చెబుతారు. ఆడపిల్లయితే చీకటి పడ్డాక వచ్చే బస్సు గొడవ. ఇక ఫోను సంగతి ఎత్తితే ఈ కార్యక్రమం సమయం చాలదు. వీటన్నిటికీ తోడు మూడు మాటలకు ఒక మాట జవాబు. "తిన్నావా?" "ఊ." "ఎలా రాశావు?" "బానే." "ఏంట్రా అలా ఉన్నావు?" "ఏం లేదు." ఆ "ఏం లేదు" అనే జవాబు పట్టుకుని తల్లి రాత్రంతా ఆలోచిస్తుంది.

గుడివాడలో ఏ ఆదివారమైనా పన్నెండింటప్పుడు ఒక హాస్టలు గేటు ముందు కాసేపు నిలబడి చూడండి. ముదినేపల్లి నుంచి, మండవల్లి నుంచి, బంటుమిల్లి నుంచి స్టీలు క్యారేజీలు పట్టుకుని వచ్చినవాళ్లు చెట్టు నీడ వెతుక్కుంటూ ఉంటారు. వారమంతా ఆ అరగంట కోసమే ఎదురుచూశారు. పిల్లాడు వస్తాడు. అమ్మ మూత తీస్తుంది, పులావు వాసన వస్తుంది. ఆ మూత పూర్తిగా తీయకముందే నాన్న నోట్లోంచి మొదటి ప్రశ్న వచ్చేస్తుంది: "వీక్లీ టెస్టులో ఎంతొచ్చింది?" అంతే. వాడు తల దించుకుని తింటాడు. "చిక్కిపోయాడు" అని అమ్మ అంటుంది. "చదువుతుంటే చిక్కరూ?" అని నాన్న అంటాడు. బెల్లు కొడతారు. తిరుగు ప్రయాణంలో ఇద్దరూ మాట్లాడుకోరు. ఆ ఆదివారానికి ఇంకా సగం పగలు మిగిలే ఉంటుంది, కానీ దాన్ని ఏం చేసుకోవాలో ఇద్దరికీ తెలియదు. మిగిలిన ఆ సగం పగలు గురించే నేను మాట్లాడబోయేది.

రొయ్యల చెరువులున్నవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే రొయ్య పైకి తేలుతుంది. మేత ఎక్కువ వేసినకొద్దీ ఆ బాధ ఎక్కువే గానీ తగ్గదు. ఇంట్లో నలుగురి దృష్టీ, నలుగురి ఆశా, నలుగురి భయమూ ఒక్క పిల్లాడి మీదే గుమ్మరిస్తే వాడి సంగతీ అంతే. మనం ప్రేమ ఇంకా ఇంకా వేస్తున్నామనుకుంటాం, వాడికి గాలి కావాలి. ఆ గాలి ఆడాలంటే ముందు మన చూపు కొంచెం పక్కకు తిరగాలి. ఊరికే తిప్పుకోమంటే తిరగదు. చూడడానికి ఇంకోటేదో ఉండాలి. అమ్మకు అమ్మదంటూ ఒక ఇష్టం, నాన్నకు నాన్నదంటూ ఒక ఇష్టం ఉన్న ఇంట్లో పిల్లలు తేలిగ్గా తిరుగుతారు. కాలేజీలో నా ముందు కూర్చునే పిల్లల్ని ఇన్నేళ్లుగా చూశాక నాకు గట్టిగా అనిపించేది ఇదే.

డాక్టర్లు చెప్పే సంగతులు రెండు గుర్తుపెట్టుకుంటే మన భారం కాస్త తగ్గుతుంది. ఈ వయసు వచ్చేసరికి నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోను రాత్రి ఆలస్యంగా ఊరడం మొదలవుతుంది. అందుకే పదకొండు దాటినా కళ్లు మూతపడవు, పొద్దున్న ఆరింటికి దుప్పటి లాగితే కోపం. అది బద్ధకం అనుకుని మనం రోజూ ఉదయం యుద్ధం మొదలుపెడుతున్నాం. రెండోది, తొందరపాటును ఆపే మెదడు భాగం నుదుటి వెనక ఉంటుంది. అది ఇరవై దాటి, పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. మనం ఎదురుగా కూర్చుని కళ్లార్పకుండా చూసినా అది గడువుకు ముందు ఎదగదు. కాబట్టి రెండు గంటలు బయటకు వెళ్లి రావచ్చు.

అయితే ఇప్పుడు మనకు విడుపు లేదా అంటే, ఉంది. ఏది దొరికితే అది ఉంది. పిల్లాణ్ణి ఫోను పక్కన పెట్టమని అరిచి, పక్కగదిలోకి వెళ్లి మనం ఫోను తీస్తాం. ఒక వంట వీడియో, ఒక స్వామీజీ, ఒక రాజకీయ తిట్టు, మళ్లీ వంట. గంట గడుస్తుంది, మనసు మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంటుంది. మగవాళ్లకు ఇంకొన్ని దారులున్నాయి. మందు ఉంది. పేకాట ఉంది. సంక్రాంతికి కోడిపందేల బరులున్నాయి. నేను నీతులు చెప్పడం లేదు గానీ లెక్కలు చూసుకోవాలి కదా. పేకాటలో పోయిన డబ్బు జూన్ నెలలో కాలేజీ కౌంటరు దగ్గర బయటపడుతుంది. మందు తాగి ఇంటికొచ్చిన నాన్నను చూసి పిల్లాడు తలుపు గడియ ఇంకాస్త గట్టిగా వేసుకుంటాడు. వెళ్లినప్పటి కంటే ఎక్కువ దిగులుతో ఇంటికి చేర్చేదాన్ని విడుపని నేననను.

మన పెద్దలకు ఇంతకంటే మంచివి ఉండేవి. ఈ రేడియోనే తీసుకోండి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల నాటకం వస్తుంటే మా అమ్మమ్మ కాలంలో వీధిలో మనిషి కనిపించేవాడు కాదట. సంక్షిప్త శబ్ద చిత్రం వస్తుంటే వత్తులు చేసుకుంటూ వినేవాళ్లు. అంతకు ముందు కాలంలో రామాలయం ముందు హరికథ, బుర్రకథ, పద్యనాటకం. కూచిపూడి వాళ్లు భామాకలాపం కట్టారంటే తెల్లవార్లూ సాగేది. చాపలు వేసుకుని ముసలీముతకా అంతా వచ్చేవాళ్లు. పసివాళ్లు మధ్యలోనే నిద్రపోయేవాళ్లు. మీసాలు మొలుస్తున్న కుర్రాళ్లు ఎక్కడో వెనక, చీకట్లో, అరుగు మీద. తల్లిదండ్రులు ముందు వరసలో సత్యభామను చూస్తుంటే వెనక వాళ్ల మానాన వాళ్లుండేవాళ్లు. ఇల్లంతా ఒక్కచోటే ఉన్నా ఎవరూ ఎవరినీ కనిపెట్టుకుని ఉండాల్సిన పని లేని రాత్రులవి. అలాంటివి మనకు ఇప్పుడు ఎన్ని ఉన్నాయి?

ఈ ప్రాంతం మనిషే ఒకాయన ఉన్నారు కదా, ఘంటసాల వెంకటేశ్వరరావు గారు. 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. ఆయన తండ్రి సూరయ్యగారు మృదంగం వాయించేవారు, భజనలు చేసేవారు, తరంగాలు పాడేవారు. పిల్లాణ్ణి భుజం మీద ఎక్కించుకుని సంగీత సభలకు తీసుకెళ్లేవారు. సూరయ్యగారు అలా భజనలకు వెళ్లింది కొడుకును సినిమాల్లో గాయకుణ్ణి చేద్దామని కాదు. ఆయనకు పాటంటే ఇష్టం, అందుకు వెళ్లారు. పిల్లాడు భుజం మీద ఉన్నాడు కాబట్టి విన్నాడు. తండ్రి తన కోసం వెళ్లిన చోట కొడుకుకు దారి దొరికింది.

కథ అక్కడితో ఆపితే తీయగా ఉంటుంది, కానీ ఆపడం న్యాయం కాదు. ఘంటసాలకు పదకొండేళ్లప్పుడు తండ్రి పోయారు. ఇల్లు గడవడం కష్టమై మేనమామ ఇంట పెరిగారు. సంగీతం నేర్చుకు తీరాలన్న పట్టుదల పుట్టాక, ఆ కుర్ర వయసులోనే, ఉంగరం అమ్ముకుని విజయనగరం వెళ్లిపోయారు. అక్కడ మధుకరం ఎత్తి, అంటే ఇల్లిల్లూ తిరిగి అన్నం అడుక్కుని తింటూ, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర చదువుకున్నారు. ఇప్పుడాయన పాట వింటూ మనం తల ఊపుతాం. ఆ రోజు ఊళ్లో ఏమనుకుని ఉంటారు? పిల్లాడు చేయి దాటిపోయాడనే అనుకుని ఉంటారు. ఇవాళ మన ఇంట్లో ఒకడు ఉంగరం అమ్ముకుని వెళ్లిపోతే మనం పోలీస్ స్టేషన్‌కు పరిగెత్తమూ? నేనైతే పరిగెత్తుతాను. ఇల్లు వదిలిపోయిన ప్రతి కుర్రాడూ ఘంటసాల అవుతాడని చెప్పడానికి నాకేమీ ధైర్యం లేదు. తండ్రి భుజం మీద కూర్చుని విన్న ఆ పాట మాత్రం ఎవరూ మార్కుల కోసం వినిపించింది కాదు. అది గమనించమంటున్నాను.

ఆ పక్కనే రామాపురం. అక్కినేని నాగేశ్వరరావు గారి ఊరు. చదువు చిన్నప్పుడే ఆగిపోయింది, నాటకాల్లో ఆడవేషాలు వేసేవారు. విజయవాడ రైల్వే స్టేషన్లో సినిమా దర్శకుడు ఘంటసాల బలరామయ్య గారి కంట పడి 1944లో శ్రీ సీతారామ జననంలో రాముడయ్యారు. అంత చదువు లేని ఆయన పేరు మీద గుడివాడలో కాలేజీ ఉంది. ఏటా వందల మంది పిల్లలు పట్టా పుచ్చుకుంటున్నారు. పిల్లల చదువు గురించి మరీ గుండెలు బాదుకునే రోజున ఆ కాలేజీ బోర్డు ఒకసారి చూసి నవ్వుకోవచ్చు.

సరే, ఇప్పటికి వద్దాం. మంచి విడుపు అంటే ఏమిటి అని నన్నడిగితే, ఎవరూ మీ పిల్లాడి ర్యాంకు అడగని చోటు అంటాను. పెళ్లికి వెళితే అడుగుతారు. వాకింగ్‌కు వెళితే అడుగుతారు. గుళ్లో ప్రదక్షిణ చేస్తుంటే వెనకాల వచ్చి అడుగుతారు. ఎవరూ అడగని చోటు మనమే చూసుకోవాలి.

నేను చూసినవాటిలో అన్నిటికంటే బాగా పనిచేస్తున్నది కోలాటం. ఈ మధ్య మన పల్లెల్లో ఆడవాళ్లు ఎంతగా పట్టుకున్నారో మీకు తెలుసు. రాత్రి వంటలు, గిన్నెలు అయ్యాక రామాలయం ముందు లైటు కింద చేరతారు. గురువు కోపు, అంటే అడుగుల వరస, చెబుతాడు. కర్ర తప్పితే పక్కావిడ వేలికి తగులుతుంది కాబట్టి మనసు ఇంకెక్కడికీ పోవడానికి లేదు. మా పక్కింటి వదిన మొదటి రోజు సిగ్గుపడుతూ వెళ్లింది. వాళ్లమ్మాయికి ఇంకా సిగ్గు. "అమ్మా, నువ్వు కూడానా? మా ఫ్రెండ్స్ చూస్తే ఏమనుకుంటారు?" అని రెండు రోజులు మాట్లాడలేదు. వదిన మానలేదు. ఒకే రంగు చీరలు కట్టుకుని తిరునాళ్లలో ఆడిన రోజున ఫోను పట్టుకుని ముందు నిలబడి వీడియో తీసింది ఆ అమ్మాయే. తీశాక ఊరుకోలేదు, "మూడో కోపులో నువ్వు లేటుగా తిరిగావమ్మా" అంది. అమ్మ తప్పు కూతురు దిద్దడం! ఆ ఇంట్లో అది మొదటిసారి. ఇద్దరికీ హాయిగా ఉంది.

మగవాళ్లకు కాలువ గట్టు ఉంది. జూన్, జూలైలో కాలువలు వదిలాక గాలం, వానపాముల డబ్బా పట్టుకుని వెళ్లి కూర్చుంటే, జెల్ల పడ్డా పడకపోయినా రెండు గంటలు గడుస్తాయి. పిల్లాణ్ణి వెంట తీసుకెళ్లకండి. తీసుకెళితే అక్కడా చదువు గురించే మాట్లాడతారు. వాడంతట వాడు వస్తానంటే అది వేరే సంగతి. అప్పుడు కూడా మీరు నోరు మెదపనని ఒట్టు వేసుకుని రానివ్వండి.

చేతిపని చేసేవాళ్లు అదృష్టవంతులు. పెడనలో కలంకారీ అద్దేవాళ్లను ఒకసారి చూడండి. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరవేసిన బట్ట మీద చెక్క అచ్చు పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు. మళ్లీ పక్కన ఇంకోటి. గీత గీతకూ అతకాలి. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టి నలుపు చేస్తారు, పటికతో ఎరుపు పట్టిస్తారు, పారే నీళ్లలో ఉతుకుతారు. అది వాళ్లకు బతుకుతెరువు, ఎంత శ్రమో వాళ్లకే తెలుసు. దాన్ని చూసి కాలక్షేపమని నేనంటే వాళ్లకు కోపం రావాలి. కానీ కుట్టో, అల్లికో, తోటో, హార్మోనియమో, చేతులకు పని చెప్పి బుర్రకు సెలవిచ్చేది ప్రతి ఇంట్లో ఏదో ఒకటి చేసుకోవచ్చు. పెళ్లికి ముందు మీరు చేస్తుండినది ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అది ఎప్పుడు మానేశారో గుర్తు చేసుకోండి. చాలామంది, పెద్దవాడు ఎల్కేజీలో చేరిన ఏడాదే మానేసి ఉంటారు.

ఊరు దాటి వెళ్లడానికి మనకు ఉన్నన్ని దారులు ఎవరికున్నాయి చెప్పండి? గుడివాడ నుంచి బందరుకు రైలెక్కితే నలభై కిలోమీటర్లు కూడా ఉండదు. గుడ్లవల్లేరు, కౌతవరం, వడ్లమన్నాడు, పెడన, చిలకలపూడి, ఆ పైన బందరు. రెండు వైపులా చేలు, నీళ్ల కుంటలు, కొంగలు. కిటికీ పక్కన కూర్చోవడమే పని. దిగాక చిలకలపూడి పాండురంగడి గుడి. వెలుపలికొస్తే రోల్డుగోల్డు కొట్లు, ఏమీ కొనకుండా గంట చూడవచ్చు. తొక్కుడు లడ్డు ఇంటికి పట్టుకెళితే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, అది నేను పరీక్షించి చూసిన మాట.

బందరుకు పది పదకొండు కిలోమీటర్లలో మంగినపూడి. విశాఖపట్నం వాళ్లు వచ్చి "ఇదేం సముద్రం, ఇసక కూడా నల్లగా ఉంది, బురద" అంటారు. ఉంటుంది మరి, మనది కృష్ణమ్మ తెచ్చి పోసిన మట్టి. కార్తీక పౌర్ణమికి వెళ్లకండి, ఆ రోజు జనమే సముద్రం. మామూలు రోజున, మధ్యాహ్నం ఎండ దిగాక వెళ్లండి. సముద్రం ముందు కూర్చుంటే కష్టాలు చిన్నవిగా కనిపిస్తాయని చాలామంది అంటారు. నాకెప్పుడూ అలా కనిపించలేదు. ఫిజిక్సులో వచ్చిన ముప్పై రెండు మార్కులు అక్కడా ముప్పై రెండే. కాకపోతే గాలి హోరులో ఫోను మోగినా వినపడదు. అదొక్కటి చాలు.

నాకు మాత్రం దివిసీమ బస్సు ఇష్టం. దారిలో చల్లపల్లి, మోపిదేవి. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి దగ్గర మనలో చాలామంది పిల్లలకు చెవులు కుట్టించి ఉంటాం, పుట్టువెంట్రుకలు తీయించి ఉంటాం. ఆ పిల్లాడే ఇప్పుడు జుట్టు కత్తిరించుకోమంటే వినడు. ఏ మొక్కూ లేకుండా, ఏమీ అడక్కుండా ఒకసారి ఆ గుడికి వెళ్లి చూడండి, స్వామికి కూడా విశ్రాంతిగా ఉంటుంది. ఆ పైన పులిగడ్డ. ఇక్కడే కృష్ణ రెండు పాయలవుతుంది, ఆ రెండిటి మధ్యలో ఉన్నదే దివిసీమ. అక్విడక్టు మీద కాలువ నీళ్లు నది పైనుంచి దాటి అవతలి ఒడ్డుకు వెళతాయి. కింద నది, పైన కాలువ. ఎన్నిసార్లు చూసినా నాకు వింతే. అవనిగడ్డ దాటాక నాగాయలంక వైపు వెళితే శ్రీరామపాద క్షేత్రం రేవు, సాయంత్రం మెట్ల మీద కూర్చోవడానికి బాగుంటుంది. కోడూరు వైపు వెళితే హంసలదీవి, వేణుగోపాలస్వామి గుడి, దాన్ని దాటి పాలకాయతిప్ప దగ్గర సాగరసంగమం. అక్కడ మునిగిన కాకి హంసగా లేచిందని స్థలపురాణం. మా అబ్బాయికి ఆ కథ చెబితే, "అందుకేనా నన్ను తీసుకెళతానంటున్నావు?" అన్నాడు. చాలా రోజుల తర్వాత వాడు నాతో వేసిన హాస్యం అది.

ఇటు పక్కనే ఘంటసాల మండలంలో శ్రీకాకుళం ఉంది, ఆంధ్ర మహావిష్ణువు గుడి. కళింగ దండయాత్రకు వెళుతూ శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడ ఆగి ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి స్వామి కలలో కనిపించి కావ్యం రాయమన్నాడని ఆముక్తమాల్యద మొదట్లో ఆయనే చెప్పుకున్నాడు. యుద్ధం మధ్యలో ఉన్న చక్రవర్తికి ఒక రోజు ఆగడానికి కుదిరింది. మనకు యూనిట్ టెస్టుల మధ్య కుదరడం లేదు.

డబ్బు సంగతి అంటారా? 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. స్త్రీశక్తి పథకం. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ చింపి ఇస్తారు. గుడివాడ నుంచి మోపిదేవికైనా, బందరు నుంచి అవనిగడ్డకైనా బస్సుకు పైసా ఖర్చు లేకుండా పోయి రావచ్చు. ఈ పథకం వల్ల లాభమా నష్టమా అని టీవీల్లో వాదించుకుంటున్నారు, వాదించుకోనివ్వండి. ఈలోగా మీరు కిటికీ పక్క సీటు చూసుకోండి.

మరి కుదరనివాళ్లు? ఉన్నారు. రొయ్యల చెరువు దింపిన రైతుకు మూడు నాలుగు నెలలు, పట్టుబడి అయ్యేదాకా, గట్టు వదలడానికి లేదు. రాత్రి కరెంటు పోతే ఏరేటర్లు ఆగుతాయి, జనరేటరు వేయాలి. ఆయన్ని హంసలదీవి వెళ్లి రమ్మంటే నవ్వుతాడు. ఆయనకు మధ్యాహ్నం షెడ్డులో ఒక గంట దొరుకుతుంది. ఆ గంట రొయ్య రేట్ల గ్రూపులు చూడకుండా పాటలు వింటే అదే పదివేలు. మంచాన పడ్డ అత్తగారిని చూసుకుంటూ, ఒక్కతే సంపాదిస్తూ, ఇద్దరు పిల్లల్ని చదివించే తల్లి ఉంటుంది. ఆ విడుపు ఆవిడంతట ఆవిడ తెచ్చుకోలేదు. పక్కింటివాళ్లం మనం ఇవ్వాలి. "నువ్వు వెళ్లి రావే, మూడు గంటలు నేను కూర్చుంటాను" అని ఒక మనిషి అనాలి. ద్వాక్రా సంఘంలో అప్పు కిస్తీలు వంతులేసుకుని కడుతున్నాం కదా. ఈ వంతులు కూడా వేసుకోవచ్చు.

ఇంకో అడ్డం మన ఇళ్లలోనే, పెద్దవాళ్ల దగ్గర ఉంది. దివిసీమలో మరీను. "మేము ఉప్పెన చూసినవాళ్లం, మీకేం కష్టాలే?" అంటారు. నిజమే, 1977 నవంబరు 19న సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేల మంది దాకా పోయారు. పిల్లల్ని చెట్టుకు కట్టుకుని బతికించుకున్నవాళ్లున్నారు, చేతిలోంచి జారిపోయి ఇప్పటికీ ఆ మాట ఎత్తనివాళ్లున్నారు. వాళ్ల ముందు మన ఫోను గొడవ చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. అయినా అమ్మమ్మలకు, తాతయ్యలకు ఒక విన్నపం. కష్టాన్ని కష్టంతో తూచకండి. మీ కోడలు రాత్రి నిద్రపోవడం లేదంటే అది ఆవిడకు నిజమే. ఉప్పెన కథ చెప్పాలనుకుంటే మనవడికి చెప్పండి. ఫోను పక్కన పెట్టి వింటాడు, నేను చూశాను. ఈలోపు కోడల్ని బయటకు పంపండి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. బస్సు ప్రయాణంతో, కోలాటంతో తీరని దిగులు ఉంటుంది. పిల్లాడు వారాల తరబడి తిండి మానేసినా, ఇష్టమైన ఆటలు కూడా వదిలేసినా, చచ్చిపోతాననే మాట ఎత్తినా, చేతి మీద గాట్లు కనిపించినా దాన్ని వయసు మీదికి నెట్టేయకండి. అలాగే మీకే పొద్దున్న లేవాలనిపించకపోతే, ఊరికే ఏడుపొస్తుంటే, దాన్ని ఓర్పు మీదికి నెట్టేయకండి. 14416 అనే నంబరుంది. టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చు. పేరు చెప్పాల్సిన పని లేదు. నంబరు మళ్లీ చెబుతున్నాను, పంచాంగం మీదో, ఫ్రిజ్ మీదో రాసి పెట్టుకోండి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.

పరీక్షల నెలలో ఎలాగండీ అని అడగబోతున్నారు, నాకు తెలుసు. ఇంటర్ పరీక్షలప్పుడు అమ్మ ఊరెళితే లోకం ఏమంటుంది? మా ఇంట్లో పోయినేడు పరీక్షలు జరుగుతుండగానే ఒక ఆదివారం నేను ఉదయం వెళ్లి సాయంత్రం వచ్చాను. చుట్టాలు అననే అన్నారు. మా వాడు అనలేదు. ఆ రోజు వాడు ఎన్ని గంటలు చదివాడో నేను అడగలేదు, వాడు చెప్పలేదు. సింకులో గిన్నెలు మాత్రం అలాగే ఉన్నాయి.

దివిసీమ వైపు వెళ్లేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు. తిరుగు బస్సు ఎప్పుడో దిగేటప్పుడే కండక్టరును అడిగి పెట్టుకోండి, చీకటి పడనివ్వకండి. సంగమం దగ్గర నీటి వాలును నమ్మడానికి లేదు, స్నానం చేయాలంటే అక్కడివాళ్లు చూపించిన చోటే దిగండి. మంచినీళ్లు, పులిహోర ఇంటి నుంచే పట్టుకెళ్లండి. సిగ్నల్ అందకపోవచ్చని పిల్లలకు ముందే చెప్పండి. వాళ్ల అన్నం సంగతంటారా, కుక్కర్లో గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు, మూడు విజిల్స్. అది వాళ్లకు వచ్చు. రానట్టు నటిస్తున్నారంతే.